వేర్లు పైకున్న సేజ్ మొక్కలు

డ్రై శాడిల్ రిజర్వాయరులో చేపలు ఎప్పుడు పడతాయని నన్ను అడిగేవాళ్ళకి ముందే చెబుతాను, వినండి. ఏప్రిల్లో నీళ్ళ మీది మంచుగడ్డ విడిపోయాక ఒక వారంపాటు ఒడ్డున నిలబడితే గుడ్డివాడికైనా ట్రౌట్ పడుతుంది. జూలైకి నీళ్ళు వేడెక్కి నాచు పట్టేస్తుంది, చేప లోతుకి దిగిపోతుంది. ఆగస్టులో కింది పొలాలవాళ్ళు పశువుల మేతకని నీళ్ళన్నీ లాగేసుకుంటారు. మిగిలేది బురద, దాని మీద ఈగలు. అక్టోబరు మళ్ళీ మంచిది. చలికాలం గడ్డ మీద బొరియ చేసి పట్టుకోవచ్చు. అది మాత్రం నన్ను అడక్కండి. అడిగితే ఇదిగో, ఈ కథే చెబుతాను. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం నష్టం లేదు.

అది ఫిబ్రవరి చివర. ఎర దుకాణంలో పొయ్యి రాజుకుని వెచ్చగా ఉంది. దుకాణం నడిపే లవోన్ ఎప్పటిలాగే గోడ మీది పలక తుడిచి సుద్దముక్కతో రాసింది: గడ్డ మూరెడు మందం, ట్రౌట్ మందకొడి, పెర్చ్ చేప లేదు.

"మూరెడట బావా! పశువుల లారీ తోలుకెళ్ళొచ్చు," అన్నాడు డెల్బర్ట్.

డెల్బర్ట్ నా భార్య ఆర్డిస్‌కి తమ్ముడు. తల్లి పోయాక వాణ్ణి ఆమే పెంచింది. పెళ్ళాం వదిలేసి పోయినప్పటి నుంచి మా ఇంటి వెనక చక్రాల మీది ట్రెయిలరు ఇంట్లో ఉంటాడు. నోరు తెరిస్తే తిట్టు, తెరవకపోతే నిద్ర. ఆ పొద్దున మేం పికప్ ఎక్కుతుంటే ఆర్డిస్ కిటికీ అద్దం తట్టి, "చేపలు లేకపోయినా పర్లేదు, వాణ్ణి ఇంటికి తీసుకురా," అంది. వాడు వినకుండా మెల్లగా అంది.

"లారీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నువ్వు పోతే మీ అక్క నన్ను చంపుతుంది," అన్నాను.

"పొద్దున్నే పాడునోరు! లవోనక్కా, ఈ ముసలాడికి ఇంకాస్త కాఫీ పొయ్యి, నోటికి అడ్డంగా ఉంటుంది."

"మీ బావ నోరు మూయించే కాఫీ ఈ కౌంటీలో దొరకదు," అంది లవోన్. సుద్దచేతులు దులుపుకుని, "అవునూ, నిన్న ఆనకట్ట గేటు తెరిచారట. కొండల మీద మంచు బాగా పడింది కదా, అది కరిగి వచ్చేలోపు చోటు చెయ్యాలని నీళ్ళు వదిలేస్తున్నారు," అంది.

నేను కప్పు కింద పెట్టాను. డెల్బర్ట్ మొహం వెలిగిపోయింది.

"ఇంకేం మరి! నీళ్ళు తగ్గితే చేపలన్నీ పాత ఏటి గుంటలోకి దిగుతాయి. చేత్తో ఏరుకోవచ్చు."

"ఒరేయ్, చెరువు గడ్డ నీళ్ళ మీద పడుకుంటుంది. రిజర్వాయరు గడ్డ అలా కాదు. కింద నీళ్ళు లాగేస్తే దూలాల్లేని మిద్దెలా వేలాడుతుంది. మందం చూసి ఏం లాభం?"

"నువ్వు రాకు. పొయ్యి దగ్గర కూర్చుని ఊలు అల్లుకో," అని వాడు గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేనూ తిట్టుకుంటూ వెనకాలే వెళ్ళాను. ఏం చెయ్యను? అక్క పెంచిన తమ్ముడు.

ఒడ్డున గడ్డ అప్పటికే విరిగి పలకలు పలకలుగా ఏటవాలుగా పడి ఉంది. పలక తరవాత పలక దాటుకుని లోపలికి నడిచాం. గాలి లేదు. ఎండ పల్చగా, పాలలో నీళ్ళు కలిపినట్టుంది. చుట్టూ గుట్టలు, వాటి మీద బూడిదరంగు సేజ్ పొదలు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. గడ్డ మీద బొరియ వదిలేసి పోయేవాడు అందులో ఒక సేజ్ కొమ్మ గుచ్చి పోవాలి. వెనక వచ్చేవాడి కాలు అందులో దిగకుండా ఒకటి. రెండోది, తెల్లచావు దిగినప్పుడు. తెల్లచావంటే గాలిలోనే గడ్డకట్టే పొగమంచు, ఈ వైపు దాన్ని అలాగే అంటారు. అది కమ్ముకుందంటే మన చెయ్యి మనకే కనపడదు. అప్పుడు కొమ్మ నుంచి కొమ్మకి నడుచుకుంటూ పోతే ఒడ్డు వస్తుంది. పొగలో సేజ్‌ని నమ్ము, ఇంకెవర్నీ నమ్మకు అని మా నాన్న గొర్రెలు కాసే రోజుల నుంచీ ఉన్న మాట. నేనూ నమ్మాను, డెల్బర్టూ నమ్మాడు. ఆ రోజు వెళ్తూ వెళ్తూ పాత బొరియల్లో పడిపోయిన కొమ్మల్ని కూడా నిలబెట్టుకుంటూ వెళ్ళాం.

ఏటి గుంట మీదకి వచ్చాక డెల్బర్ట్ గడ్డకి బొరియ చేసే చేతిబరమా పెట్టి తిప్పాడు. మామూలుగా అయితే బరమా కిందికి దిగీ దిగగానే నీళ్ళు ఉబికి బూట్ల మీదకి వస్తాయి. ఈసారి రాలేదు. బరమా ఒక్కసారి జారి పిడి దాకా దిగబడింది. బొరియలోంచి ఊపిరి వదిలినట్టు గాలి వచ్చింది. వెచ్చగా ఉంది. బురద, తుప్పు, తడిసిన గొర్రె ఉన్ని వాసన.

"నీళ్ళు లేవు," అన్నాను.

"ఉంటాయిలే, కిందుంటాయి." వాడు గాలం దారం వదిలాడు. వదులుతూనే ఉన్నాడు. చివరికి సీసపు గుండు దేనికో తగిలింది. టక్ అంది. బురదకి తగిలితే అలా అనదు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడే దారం ఒకసారి పక్కకి జరిగింది. చేప లాగినట్టు కాదు. అడ్డంగా ఉన్నదాన్ని ఎవరో తొలగించుకుని వెళ్ళినట్టు.

"సర్దు," అన్నాను. మొదటిసారి వాడు ఎదురు చెప్పలేదు.

సర్దుతుండగానే పొగ దిగింది. గుట్టలు పోయాయి. ఎండ పోయింది. అంతవరకు అప్పుడప్పుడు మూలుగుతూ పటపటమంటున్న గడ్డ ఒక్కసారి చప్పుడు మానేసింది. గడ్డంలో, కనురెప్పల మీద తెల్లటి సూదులు మొలిచాయి. తాడు తీసి ఒక కొస నా నడుముకి, ఒక కొస వాడి నడుముకి కట్టాను.

మొదటి కొమ్మ దొరికింది. రెండోది దొరికింది. మూడోది కాస్త దూరంలో మసగ్గా కనపడుతోంది. దాని వైపు నడుస్తున్నాం.

అది కిందికి దిగింది.

పడిపోలేదు, ఒరగలేదు. నిలువునా, మెల్లగా, చప్పుడు లేకుండా... కలుగులోకి తోక లాక్కున్నట్టు. మేం చేరేసరికి నున్నటి బొరియ మాత్రమే ఉంది.

"చూశావా బావా?"

"చూశాను. నడు."

నాలుగోది లేదు. దాని తరవాతిదీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే మేం దాటి వచ్చిన కొమ్మ కూడా లేదు. తెలుపు. అన్ని వైపులా ఒకే తెలుపు.

"అదిగో!" డెల్బర్ట్ చెయ్యి చాచాడు. "అటుంది! పక్కకి వచ్చేశాం, అంతే. హమ్మయ్య!"

దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. సేజే. కానీ మేం ఎవరమూ మొక్కని వేరుతో పీకం, కొమ్మని కత్తితో కోస్తాం. ఇది మొక్క మొత్తం. తలకిందులుగా ఉంది. ఆకులు కింద బొరియలో ఉన్నాయి, వేర్లు పైకున్నాయి. వేర్ల నుంచి బురదనీళ్ళు కారుతున్నాయి. ఉమ్మేస్తే నేల తాకేలోపు గడ్డకట్టే చలి అది. ఆ నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి.

దాని అవతల ఇంకోటి. దాని అవతల మరోటి. గీత గీసినట్టు వరసగా.

"ఇవి పై నుంచి గుచ్చినవి కావురా," అన్నాను. "కింద నుంచి..."

"ఎవడో తాగి గుచ్చుంటాడు. సేజ్ సేజే! పద."

నేను కదల్లేదు. సంచిలోంచి కాఫీ ఫ్లాస్కు తీసి గడ్డ మీద అడ్డంగా పెట్టి వదిలాను. అది ఒక్క క్షణం ఆగి దొర్లడం మొదలుపెట్టింది. వేర్ల వరస వైపే దొర్లి పొగలోకి పోయింది.

"చూడు. గడ్డ అటు కుంగింది. అటు లోతు, ఆనకట్ట. మనం ఎత్తు పట్టుకుని ఎక్కాలి. ఒడ్డు ఇటుంది."

"సేజ్‌ని వదిలేసి ఫ్లాస్కుని నమ్మమంటావా? మతి పోయిందా ముసలాడా? ఇలా చేసినవాళ్ళందరూ వసంతంలో శవాలై తేలారు!"

"డెల్బర్టూ, నా మాట విను..."

"జీవితమంతా నీ మాటే! మా అక్క వింది చాలు!" నడుము దగ్గర ముడి విప్పి తాడు కొస నా కాళ్ళ దగ్గర విసిరేశాడు. "ఒడ్డుకి పోయి లవోనక్కతో చెబుతా, నిన్ను వెతకడానికి మనుషుల్ని పంపమని. మొండి గాడిదా!"

పొగ వాణ్ణి మింగేసింది. తిట్లు మాత్రం వినిపిస్తున్నాయి. నన్ను, నా తండ్రిని, మా గొర్రెల్ని, నేను ఆరేళ్ళుగా మార్చని పికప్ టైర్లని. అలా తిడుతూ తిడుతూ ఒక మాట మధ్యలో ఆగిపోయాడు.

గడ్డ విరగలేదు. నీళ్ళ చప్పుడు లేదు. కేక లేదు.

"డెల్బర్టూ!"

బోర్లా పడుకున్నాను. నిలబడితే గడ్డ ఓర్చుకోదని తెలుసు. వాడు వెళ్ళిన వైపే పాక్కుంటూ వెళ్ళాను. తాడు నా వెనకే జీరాడుతోంది. ఒక వేరు దాటాను. ఇంకోటి. ఆఖరి దాని పక్కన వాడి ఉన్ని టోపీ ఉంది. టోపీ పక్కన ఒక బొరియ. నున్నగా, గుండ్రంగా. జానెడు వెడల్పు. నా భుజమైనా పట్టదు దాంట్లో. చుట్టుపక్కల ఇంకెక్కడా గడ్డ చెక్కు చెదరలేదు.

చెవి ఆనించాను.

"బావా..."

వాడి గొంతే. చాలా కింద నుంచి.

"ఒరేయ్! ఎలా పడ్డావురా? దెబ్బ తగిలిందా?"

"ఇక్కడ పొడిగా ఉంది బావా."

"చెయ్యి పైకెత్తు, తాడు వేస్తాను!"

"దారి ఉంది. అందరం ఉన్నాం. దిగి రా."

అందరం?... తాడు కొస కోసం వెనక్కి తడిమాను. కొస దొరకలేదు. తలతిప్పి చూశాను. నా వెనక, నేను దాటొచ్చిన మొదటి మొక్క మాయమై, ఆ బొరియలోకి తాడు దిగుతోంది. కొంచెం కొంచెంగా. మర్యాదగా.

బిగిసింది.

నడుము దగ్గర ఒక్క గుంజు. నేను వెనక్కి జారాను. ఆగింది. మళ్ళీ గుంజు.

"డెల్బర్టూ! నువ్వేనా లాగేది? నువ్వే అయితే తిట్టరా! ఒక్క తిట్టు తిట్టు!"

తాడు ఆగింది. కింద ఎవరో ఆలోచిస్తున్నట్టు కాసేపు ఏమీ లేదు.

తరవాత, నా మొహానికి సరిగ్గా కింద, మూరెడు గడ్డకి అవతల... గుసగుసగా...

"రా బావా. తిట్టనులే."

కత్తి తీసి తాడు కోసేశాను. తెగిన కొస పాములా బొరియలోకి పోయింది. ఎత్తు ఎటుందో అటు పాకాను. గోళ్ళు ఊడాయి. మోచేతుల దగ్గర కోటు చిరిగింది. పాకినంత దూరం గడ్డ కింద నుంచి ఏ చప్పుడూ రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చివరికి చేతికి కంకర తగిలింది.

వెతికారు. గేటు మూయించి, తాళ్ళు కట్టుకుని, కుక్కల్ని తెచ్చి వెతికారు. మనిషి పట్టే బొరియ ఒక్కటీ కనపడలేదన్నారు. తలకిందుల మొక్కలూ లేవన్నారు. లవోన్ పలక మీద గడ్డ వద్దు అని రాసింది. నేను వాణ్ణి వదిలేసి పారిపోయి వచ్చానని ఊళ్ళో అన్నారు. అనుకోనివ్వండి, వాళ్ళ నోళ్ళు నేను కుట్టలేను. ఆర్డిస్ ఏమీ అనలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది. మాట మాత్రం ఒక్కటీ లేదు.

ఏప్రిల్లో రెండు రోజులు పెద్ద గాలి వీచి గడ్డ విడిపోయింది. ఆ గాలికి పలకలన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కి తిరగబడ్డాయి. కింది వైపు పైకి వచ్చింది. తమ్ముడి ఆనవాలేదైనా దొరుకుతుందేమోనని ఆర్డిస్ తెల్లారకముందే బయల్దేరింది. నేను వెనకాలే నడిచాను. ఎండ బాగా ఎక్కాక ఒక పెద్ద పలక దగ్గర ఆమె ఆగిపోయింది.

పలక అడుగు భాగాన బూటు అచ్చులున్నాయి. గడ్డలోకి లోతుగా దిగిన అచ్చులు. గడ్డ అడుగున కాళ్ళు ఆనించి, తల కిందికి వేలాడేసుకుని నడిచినవాడికి తప్ప అలా పడవు. మడమ దగ్గర మూడు మేకుల గుర్తు.

"ఈ మేకులు నేనే కొట్టించాను," అంది ఆర్డిస్. రెండు నెలల తరవాత నాతో అన్న మొదటి మాట. అచ్చులో అరచెయ్యి పెట్టింది. ఏడవలేదు. అచ్చులు పట్టుకుని పక్క పలకకి, దాని పక్క పలకకి వెళ్ళింది. బూటు ముందు భాగం అన్నిట్లోనూ ఒడ్డు వైపే ఉంది.

ఆఖరి పలక దగ్గర ఆమె వంగి చాలాసేపు చూసింది. నేనూ వంగాను. డెల్బర్ట్ అచ్చుల పక్కనే ఇంకో జత. భుజం భుజం కలిపి నడిచినట్టు, అడుగుకి అడుగు.

నా కుడి బూటు అరిగిపోతే పోయిన చలికాలం పాత టైరు ముక్క కోసి నేనే అతికించుకున్నాను. ఆ అడ్డగీతలు ఈ ప్రాంతంలో ఇంకెవరి బూటుకీ ఉండవు. పలకలో ఆ గీతలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. నేను ఆ రోజు నడవలేదు, పాకాను. అదీ గడ్డ పై నుంచి.

ఆర్డిస్ నా బూట్ల వైపు చూసింది. తరవాత తల ఎత్తి నా మొహంలోకి, ఎవరో కొత్తవాడి మొహంలోకి చూసినట్టు, చూసింది.

"ఆ రోజు ఇంటికి వచ్చిందెవరు?" అని అడిగింది. అడుగుతూనే ఒక అడుగు వెనక్కి వేసింది.