నోటిదాకా వచ్చిన కమలా తొన

ఆదివారం ఉదయం మిసో సూప్ గిన్నెను భర్త ముందు ఠక్కున పెట్టింది సుజుయో. కత్సుమి తలెత్తలేదు. ఫోన్‌లో ప్రేక్షకుల పొగడ్తలు చదువుకుంటున్నాడు. అతను దర్శకత్వం వహించే యానిమేషన్ సీరియల్లో నక్కల సేనాని, కత్తులు చేసే పిల్ల నిన్న రాత్రి ఎపిసోడ్‌లో మళ్లీ ముద్దు దాకా వచ్చి ఆగిపోయారు.

"నాన్నా, చంపేశావు!" కూతురు నాగిసా చాప్‌స్టిక్స్ ఊపింది. "కమలా తొన ఆమె పెదాల దాకా తెచ్చి, లటుక్కున తనే తినేశాడు చూడు! ముద్దు పెట్టేసుంటే ఏముంది, అయిపోయేది. పెట్టకుండా ఆగుతాడే, ఆ జానెడు దూరం... మా క్లాసు పిల్లలెవరికీ నిద్ర లేదు. అసలెలా తట్టింది నీకు?"

"ఏదో, అలా తట్టింది."

సుజుయో చేతిలో గరిటె ఆగిపోయింది. ఏదో అలా తట్టిందట! పెళ్లికి ముందు, ఇద్దరూ బొమ్మలు గీసే స్టూడియో మెట్ల మీద, ఆ తొన అందకుండా పోయింది తన నోటికే. ఆ దొంగచూపు, ఆ కవ్వింపు తమ ఇద్దరివీ. వాటిని ఊరందరికీ పంచిపెట్టాడు. ఇంట్లో మాత్రం పెళ్లాం జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వారమైనా ఆయన కంటికి ఆనలేదు.

"ఆఖరి సన్నివేశం నువ్వే గీయాలి, సుజుయో. అతను మళ్లీ తొన చూపిస్తాడు. ఆమె ముందుకు వంగుతుంది. ఆ వంగడం నీలా ఇంకెవరూ గీయలేరు," అన్నాడు కత్సుమి.

"అలాగే, దర్శకుడు గారూ."

ఆ గొంతులోని తీపికి నాగిసా సూప్ తాగడం ఆపేసింది.

యానిమేటర్ల బల్ల మీద అద్దం ఉంటుంది. పాత్రకు కావలసిన భావాన్ని ముందు తమ ముఖంలో తెచ్చుకుని, చూసి గీస్తారు. సుజుయో ఇంట్లోని తన బల్ల ముందు కూర్చుని అద్దంలోకి చూసింది. పెన్సిల్‌ని బాకులా చెక్కింది. కసి తీరా గీసింది.

మధ్యాహ్నం కాగితాలు తిరగేసి కత్సుమి అరిచాడు. "ఇదేంటి! వంగలేదేం? తొన లాక్కుని, తనే తినేసి వెళ్లిపోతోంది!"

"మొదటి ఎపిసోడ్ నుంచీ వంగుతూనే ఉంది పాపం. మెడ పట్టేసింది."

"నా పరువు పోతుంది!"

"పోనివ్వండి."

"ఒకప్పటి నిన్ను గుర్తు తెచ్చుకుని గీయొచ్చుగా?"

"అద్దంలో లేని ముఖం కాగితం మీదకి రాదు." ఆమె పెన్సిల్‌తో అద్దాన్ని చూపించింది. "అప్పుడు నా ఎదురుగా ఉన్నది అద్దం కాదు. మీరు."

కత్సుమి బొమ్మను చూశాడు. అందులోని కోపం అచ్చం ఆమెదే. నెమ్మదిగా తలెత్తాడు.

"జుట్టు... ఎప్పుడు కత్తిరించుకున్నావు?"

"మీ సేనానిని అడగండి."

అతను అద్దాన్ని బోర్లించి ఎదురుగా కూర్చున్నాడు. బుట్టలోంచి కమలాపండు తీసి వలిచాడు. తొన ఒకటి ఆమె పెదాల దాకా తెచ్చాడు. అతని కళ్లు చెమర్చాయి.

"ఈసారి వెనక్కి తీసుకోను. ఒట్టు."

సుజుయో వంగింది. ఇంకాస్త వంగింది. అతని ఊపిరి ఆగింది. లటుక్కున తొన లాక్కుని నోట్లో వేసుకుని, వెనక్కి వాలింది.

కత్సుమి నోరు తెరిచి ఉండిపోయాడు.

"ఆ ముఖమే! కదలకండి!" కాగితం లాక్కుంది. "సేనానికి కావలసింది అదే."

నవ్వుతోంది, కన్నీళ్లు కాగితం మీద పడుతున్నాయి, చేయి మాత్రం ఆగడం లేదు. గుమ్మంలోంచి నాగిసా అంది: "అమ్మా, నాన్నని ఇంకాస్త ఏడిపించు."

కత్సుమి కదల్లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత, రెప్ప వేయకుండా, ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.