పిలుపుల బావిలో పాల క్యాను

బహదూర్‌పురాలో పాలమ్మే ఆండాలు బర్రెల కొట్టం వెనకాల ఒక దిగుడుబావి ఉండేది. దాన్ని అందరూ పిలుపుల బావి అనేవాళ్ళు. దీపాలు పెట్టాక ఆ పక్క నుంచి పోతే బావి మనిషిని పేరు పెట్టి పిలుస్తుందట. అది కూడా ఏదో ఒక గొంతుతో కాదు... ఎవరు ఎవరికి భయపడతారో వాళ్ళ గొంతుతో. తాగి వచ్చేవాడిని పెళ్ళాం గొంతుతో, బడి ఎగ్గొట్టినవాడిని పంతులు గొంతుతో, పాలలో నీళ్ళు కలిపేవాడిని ఇన్‌స్పెక్టరు గొంతుతో.

పిలిస్తే పలకకూడదు. పలికితే — ఇక అంతే. ఏం అంతే అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

నాకీ కథ చెప్పినవాళ్ళంతా పాలవాళ్ళే. కాబట్టి ఇందులో కాసిని నీళ్ళు కలిసి ఉంటే తప్పు నాది కాదు.

సంగతి జరిగింది డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో. బావి పక్క గల్లీలో సీమోను అని ఒకాయన ఉండేవాడు. బస్సు డిపోలో ఫిట్టరు. పగలంతా బస్సుల కింద పడుకుని నట్లు బిగించేవాడు, సాయంత్రం ఇంటికొచ్చి కెమెరా పట్టుకునేవాడు. చేతికి దొరికిన ఇనుప ముక్కనల్లా ఏదో ఒకటి చేయకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. బుద్ధిమంతుడే. కాకపోతే దెయ్యాలు లేవని అవసరం ఉన్నా లేకపోయినా అందరికీ చెప్పేవాడు.

ఆయన దేనికీ భయపడడని కాదు. వాళ్ళత్త చంద్రమ్మకు భయపడేవాడు. ధూల్‌పేట్‌లో ఉండేదావిడ, వారానికోసారి కూతుర్ని చూడడానికి వచ్చేది. వచ్చీ రాగానే ఇల్లంతా ఒకసారి కలియజూసి, "మూత పెట్టినవా?" అనేది. కుండ మీద మూత, నూనె డబ్బా మీద మూత, ఆఖరికి సీమోను గ్రీజు డబ్బా మీద మూత. ఆయన జవాబు చెప్పేవాడు కాదు, పెట్టేవాడూ కాదు. పదేళ్ళు అలాగే నడిచింది. ఆవిడ బతుకులో దిగిన ఫోటో ఒక్కటే. అది తీసింది అల్లుడే. కాస్త నవ్వు అత్తమ్మా అని ఆయన బతిమాలితే, "ఏం జూసి నవ్వాలె?" అని కళ్ళెర్రజేసి అలాగే కూర్చుంది. ఫోటోలో కూడా ఆ కళ్ళు అలాగే పడ్డాయి. ఆ ఎండాకాలానికి ముందు డిసెంబరులో ఆవిడ పోయింది.

ఇక బావి సంగతి. ఆ స్థలాన్ని వైకుంఠం అనే పాత ఇనుము వ్యాపారి కొన్నాడు. బావి పూడ్చి గోదాము కట్టాలని ఆయన ఆలోచన. పూడ్చడానికి బస్తీ వాళ్ళ సంతకాలు కావాలన్నారు మున్సిపాలిటీ ఆఫీసులో. వైకుంఠం తెలివైనవాడు, దెయ్యం పీడ వదిలిస్తానని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. జనం సంతోషంగా సరేనన్నారు. ఆదివారం పొద్దున సంతకాలని ఖాయమైంది.

ఒక్క ఆండాలు ఏడ్చింది. ఆమెకు తొమ్మిది బర్రెలు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు గంటసేపు వచ్చేవి, అవి ఇంట్లోకే చాలవు. బావి పోతే బర్రెలు పోతాయి, బర్రెలు పోతే ఆమె బతుకు పోతుంది. సీమోను కూతురు ఆ బర్రెల పాలు తాగే పెరిగింది. ఆయన మనసు ఊరుకోలేదు.

"ఫికర్ జేయకక్కా. బావి లోపల ఏం లేదని ఫోటో దీసి సూపెడ్త. కండ్లతోని చూసినంక ఎవడు సంతకం పెడ్తడు?" అన్నాడు.

పగటి ఫోటో పనికిరాదు. పగలు దెయ్యం నిద్రపోతుందంటారు జనం. రాత్రే తియ్యాలి, నీళ్ళ లోపలే తియ్యాలి. మరి కెమెరా తడిస్తే?

ఆండాలు ఒక సొట్టపడ్డ పాల క్యాను ఇచ్చింది. సీమోను దాని అడుగు కోసేసి గుండ్రటి అద్దం బిగించాడు. అద్దం చుట్టూ, మూత చుట్టూ బస్సు ట్యూబు కోసి రబ్బరు పట్టీలు వేశాడు. పక్కన చిల్లు పొడిచి సైకిలు బ్రేకు తీగ దూర్చి, నీళ్ళు కారకుండా గ్రీజు కూరాడు. తీగ లాగితే కెమెరా నొక్కుకుంటుంది. లోపల ఒక చెక్క అడ్డంగా బిగించాడు. దానికి రెండు రంధ్రాలు, ఒకటి కెమెరా కంటికి, ఒకటి ఫ్లాష్‌కు. ఫ్లాష్ పత్తర్‌గట్టిలో తెలిసిన ఫోటో దుకాణదారు దగ్గర అడుక్కొచ్చాడు. ఆయన ఒక మాట చెప్పి పంపాడు — లోపలంతా నల్ల రంగు వెయ్యి భాయ్, తెల్లటిది ఏమున్నా వెలుగు పడి అద్దంలో మెరుస్తది, ఫోటోలకొస్తది. సీమోను రెండుసార్లు వేశాడు.

క్యాను నీళ్ళలో తేలుతుంటే నాలుగు ఇనుప ముక్కలు కట్టి బరువు పెట్టాడు. కెమెరా లేకుండా బట్టలుతికే తొట్టిలో ముంచి పావుగంట చూశాడు. ఒక్క బుడగ రాలేదు. పక్కన నిలబడి చూస్తున్న భార్య రాహేలు మాత్రం ఒప్పుకోలేదు. వద్దంటే వద్దని రెండు రోజులు లొల్లి చేసింది. మూడో రోజు ఎందుకో సరే అంది. భార్య అంత తొందరగా సరే అంటే అనుమానించాలని సీమోనుకు తోచలేదు.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది.

సీమోను నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు రెండో కొస పైన ఆండాలు చేతిలో. పక్కన కందిలి దీపం. గోడ దాటి లోపలికి ఒక్క అడుగు కూడా వెయ్యనని ఆమె ముందే చెప్పింది.

మెట్లు దిగాడు... ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో మెట్టు దగ్గర నీళ్ళు తగిలాయి. ఎండాకాలమైనా నీళ్ళు చల్లగా ఉన్నాయి. పన్నెండో మెట్టుకు ఛాతీ దాకా వచ్చాయి. పైన కందిలి వెలుగు చిన్నదైపోయింది.

క్యానును నీళ్ళలోకి నెట్టి, అద్దం వైపు బావి నడిమధ్యకు తిప్పి, తీగ లాగాడు.

ధగ్గున బావంతా పచ్చగా వెలిగింది — ఆరిపోయింది. ఎక్కడో కప్ప ఒకటి దభీమని దూకింది. సీమోను గుండె కూడా.

మూడు మెట్లు పైకెక్కి, తువ్వాలుతో క్యాను తుడిచి, మూత తీసి, చెయ్యి లోపలికి పెట్టి తడుముతూ రీలు తిప్పాడు. చుక్క నీరు లోపల పడితే కెమెరా పోయినట్టే. మూత పెట్టి మళ్ళీ దిగాడు. రెండోసారి లాగాడు. మళ్ళీ పచ్చటి వెలుగు, మళ్ళీ చీకటి.

మళ్ళీ పైకెక్కాడు. తుడిచాడు. రీలు తిప్పాడు. ఇప్పటికే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంకొక్కటి తీసి పోదామని మూత నొక్కి, గబగబా దిగి, క్యానును నీళ్ళలో పెట్టబోయాడు.

"సీమోనూ..."

చెయ్యి ఆగిపోయింది.

"మూత... సరిగ్గ పెట్టినవా?"

నీళ్ళ మీద నుంచి వచ్చినట్టుంది. చెవి పక్కన చెప్పినట్టూ ఉంది. ఆ గొంతు పదేళ్ళు విన్న గొంతు.

పలకకూడదని ఆయనకూ తెలుసు. పలకలేదు. కానీ చెయ్యి మాత్రం దానంతటది మూత మీదకు పోయింది. మూత వదులుగా ఉంది. కొక్కెం పడనే లేదు. ఇంకొక్క జానెడు దించి ఉంటే కెమెరా, ఫ్లాష్, తీసిన రెండు ఫోటోలు నీళ్ళపాలయ్యేవి.

కొక్కెం వేశాడు. మూడోది లాగాడు. తాడు పట్టుకుని ఎలా పైకొచ్చాడో ఆయనకే తెలియదు.

"అక్కా... నువ్వేనా పిలిచింది?" అన్నాడు గుసగుసగా.

ఆండాలు కందిలి ఎత్తి ఆయన ముఖం చూసింది. "నేను నోరే తెరవలేదు తమ్మీ."

శనివారం రాత్రి వంటింట్లో బల్బుకు ఎర్ర కాగితం చుట్టి, సత్తు పళ్ళెంలో మందు కలిపి సీమోను ఫోటోలు కడిగాడు. ఫోటో కాగితం రెండింటికే ఉంది. మొదటిది మందులో వేశాడు. బావి గోడ రాళ్ళు మెల్లగా పైకి తేలాయి. హమ్మయ్య, ఏమీ లేదు అనుకున్నాడు. తర్వాత రాళ్ళ ముందు... ఇంకేదో తేలింది.

నెత్తిన కొంగు. నుదురు. రెండు కళ్ళు.

ముఖం అలుక్కుపోయి ఉంది, చుట్టూ తెల్లటి మసక. కళ్ళు మాత్రం అచ్చం అత్త కళ్ళలాగే సూటిగా ఆయన్నే చూస్తున్నాయి. రెండోది కడిగాడు. అందులోనూ అంతే.

సీమోను పీట మీద కూలబడ్డాడు. దెయ్యం ఉందని కాదు ఆయన బాధ. ఆండాలు బావిని తన చేత్తో తానే పూడ్చినట్టయింది. చింపేద్దామని రెండుసార్లు పట్టుకున్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి, చింపలేకపోయాడు.

ఆదివారం బావి గోడ దగ్గర బస్తీ అంతా చేరింది. వైకుంఠం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మట్టి పని మేస్త్రీ బీరయ్య తన మనుషులతో, పారలతో సిద్ధంగా ఉన్నాడు. వైకుంఠం నవ్వుతూ, ఏదీ నీ ఫోటో అని అడిగాడు. సీమోను తల వంచుకుని ఇచ్చాడు.

వైకుంఠానికి పండగైంది. ఫోటో పైకెత్తి అందరికీ చూపించాడు. దెయ్యం ఉన్నదని నేను చెప్పలేదా, ఇక ఆలస్యం చెయ్యకుండా పూడ్చేద్దాం అన్నాడు. ఆండాలు కొంగు నోట్లో కుక్కుకుంది. సీమోనుకు ఆమె వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఫోటో చేతులు మారుతూ బీరయ్య దగ్గరకు వచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. పార గోడకు ఆనించి, ఫోటో తిరిగి వైకుంఠం చేతిలో పెట్టాడు.

"గీమె మొఖం మీద మన్ను ఎవడు పోస్తడు సేఠ్? ముందు నువ్వు ఒక్క తట్ట పొయ్యి. ఎనక మేం పోస్తం."

వైకుంఠం అప్పుడు మొదటిసారి ఫోటోను దగ్గరగా చూశాడు. కుడివైపు తిప్పాడు, ఎడమవైపు తిప్పాడు. ఎటు తిప్పినా ఆ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. పుకారు మీద మన్ను పొయ్యడం తేలికే. ముఖం మీద పొయ్యాలంటే చెయ్యి రాదు.

వైకుంఠం పెన్నుకు మూత పెట్టాడు. గోదాముకు ఈ స్థలం గాలి సరిపడదని మెల్లగా గొణిగి లేచాడు. తర్వాత ఆ ఛాయలకు రాలేదు. ఆండాలు ఆ సాయంత్రం సీమోను ఇంటికి చెంబెడు గడ్డ పెరుగు పంపింది.

పెరుగు తింటూ కూడా సీమోను కళ్ళు బావి వైపే ఉన్నాయి. అప్పుడు రాహేలు, నవ్వు ఆపుకోలేక, కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్క సంగతి చెప్తే తిట్టవు కదా అంది.

"క్యానుల అమ్మ ఫోటో నేనే పెట్టిన. నీకు తోడుంటదని."

శుక్రవారం మధ్యాహ్నం ఆయన డిపోలో ఉండగా, మైదా గంజితో చెక్క మీద, రెండు రంధ్రాల మధ్య అతికించిందట. ముఖం అద్దం వైపు పెట్టింది, ముందు ఏమొస్తుందో అమ్మ చూసుకుంటుందని. మూత వైపు నుంచి చెయ్యి పెట్టేవాడికి అది ఎలా కనబడుతుంది?

సీమోను నవ్వడం మొదలుపెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నల్ల రంగు రెండుసార్లు వేసిన క్యానులో తెల్ల ఫోటో! ఫ్లాష్ దాని మీద పడి, అద్దంలో మెరిసి, బావి మధ్యలో అత్త నిలబడింది. ఆ గొంతు మాత్రం... చలికి, భయానికి తన చెవులే మోసం చేశాయని సర్దిచెప్పుకున్నాడు. ఈ సంగతి ఆండాలక్కకైనా చెప్పాలని లేచాడు.

"చెప్పు," అంది రాహేలు. "అక్క నోట్ల నువ్వుగింజ నానదు. రేపు బస్తీకి తెలుస్తది, ఎల్లుండి పెన్ను పట్టుకొని సేఠ్ మళ్ళొస్తడు."

సీమోను కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి, దెయ్యాలు లేవని చెప్పకుండా ఊరుకున్నాడు.

సోమవారం కొత్త కాగితం తెచ్చి, సరదాకు మూడో ఫోటో కూడా కడిగాడు. పక్కన క్యానులోంచి పీకిన చెక్క పెట్టుకున్నాడు. చెక్క మీద చంద్రమ్మ ఎప్పటిలాగే కళ్ళెర్రజేసి చూస్తోంది. మందులో రాళ్ళు తేలాయి. కొంగు తేలింది. కళ్ళు తేలాయి.

సీమోను పళ్ళెం మీదకు వంగాడు. రాహేలును పిలిచాడు. ఇద్దరూ ఎర్ర వెలుగులో చాలాసేపు చూశారు.

మూడో ఫోటోలో చంద్రమ్మ నవ్వుతోంది.

మసక కాదు. పెదవి విచ్చుకుని, పక్క పన్ను కనబడేలా నవ్వుతోంది. నీళ్ళ కదలిక అనుకుందామంటే చెక్క మీది ఫోటో ఉన్నది నీళ్ళలో కాదు. చుక్క తడి తగలని పొడి క్యానులో.

"మూడోది తీసేముందు... ఏం జేసినవ్?" అంది రాహేలు, వినీ వినబడనంత మెల్లగా.

సీమోను చెక్క మీది ఫోటో వైపు చూశాడు. "మూత... సరిగ్గ పెట్టిన."

ఆ రాత్రి నుంచి వాళ్ళింట్లో మూత లేని గిన్నె ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు. సీమోను అయితే నిద్రలోంచి లేచి మరీ గ్రీజు డబ్బా మూత తడిమి చూసుకునేవాడట.