చీకటి గదిలో ఆయ్

అమలాపురంలో ప్రభాకరరావు గారి స్టూడియో ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోల మీదే బతుకుతోంది. ఎప్పుడో మూతబడ్డ వెనకగదిని ఆయన హేమ కోసం మళ్లీ తెరిచారు. హైస్కూలు టీచరమ్మకి ఈ వయసులో బ్లాక్ అండ్ వైట్ పిచ్చేమిటని వీధంతా నవ్వుకుంది. ఆ పిచ్చి వెనక ఏముందో ఆయనొక్కరికే తెలుసు.

హేమ తమ్ముడు జీవన్ నిరుడు ముమ్మిడివరం దగ్గర గోదావరి రేవులో పోయాడు. ఏరు అటూ ఇటూ ఈదే మనిషి, ఎలా మునిగాడో ఎవరికీ అంతుపట్టలేదు. కెమెరా మాత్రం గట్టు మీద దొరికింది. లోపల రీలు అలాగే ఉంది. "వాడు తీసిన ఆఖరి బొమ్మలైనా చూపించవే," అని ఇంట్లో తల్లి సూరమ్మ రోజూ ఏడుస్తోంది. పరాయి చేతికివ్వడానికి మనసొప్పక, ఆ రీలు తనే కడగాలని హేమ పని నేర్చుకుంది.

"రీలు చక్రానికి చుట్టి డబ్బా మూత పెట్టేదాకా పిసరంత వెలుతురు పడకూడదమ్మా. పడిందా, బొమ్మలన్నీ పోయినట్టే," అన్నారు ప్రభాకరరావు గారు. "ఇంకో మాటండీ. తలుపు తియ్యనా అని బయట్నుంచి నేనడిగితే మీరు ఆయ్ అనకండి. మనవాళ్ల నోట్లో ఆ మాట ఆగదు. వింటున్నాననడానికీ ఆయే, సరేననడానికీ ఆయే. మా ఆవిడ ఓసారి అలాగే అనేసింది, నేను తీసేసేను. ఎవరిదో పెళ్లి రీలంతా తగలడిపోయింది."

"ఆయ్," అంది హేమ.

ఆయన పకపకా నవ్వి టీ తాగడానికి వెళ్లారు.

బయట మధ్యాహ్నపు ముసురు. హేమ గడియ వేసుకుని లైటు ఆర్పింది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. మందుల పుల్లటి వాసన, తడిసిన చెక్క వాసన. కుళాయి లోంచి ఒక్కో చుక్కా పడుతోంది. తడుముకుంటూ రీలు బయటికి తీసి, అంచు చక్రానికి ఎక్కించింది. సగం చుట్టిందో లేదో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

వాసన మారింది. ఏటి బురద... నానిన బట్టలు...

"అక్కా..."

చెవి పక్కనే. గుసగుస.

స్విచ్చు చెయ్యి చాస్తే అందుతుంది. కానీ వెయ్యలేదు. వేస్తే తమ్ముడి బొమ్మలు ఇక లేవు.

"అక్కా... రానా?"

"ఆయ్."

నోరు జారిపోయింది. వచ్చాడు, నా తమ్ముడు వచ్చాడని ఏడుపు తన్నుకొచ్చింది. మరుక్షణం గుర్తొచ్చింది. జీవన్ ఏనాడూ అక్కా అని పిలవలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాడు పిలిచింది 'చిన్నమ్మలూ' అనే.

చల్లటి తడి వేళ్లు ఆమె వేళ్ల మీద పడ్డాయి. మెల్లగా, ఓపిగ్గా, మిగిలిన రీలు చుట్టించాయి. రీలు పాడవుతుందని ఆమె చెయ్యి లాక్కోలేదు. కదల్లేదు. డబ్బా మూత పడ్డాక గానీ ఆ వేళ్లు వదల్లేదు.

లైటు వేస్తే గదిలో ఎవరూ లేరు. గడియ వేసినట్టే ఉంది. తీయబోతే కదల్లేదు.

మందు పోసింది. కడిగింది. రీలు దీపానికెదురుగా ఎత్తి పట్టింది. నెగెటివ్ కాబట్టి తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా ఉంది. కొబ్బరిచెట్లు. పడవ. రేవు మెట్లు. తర్వాత, ఏటి నడిమధ్యన ఒక తల. ఆ పక్క బొమ్మలో ఇంకాస్త దగ్గర. ఆ పక్కన ఇంకా... ఆఖరి బొమ్మ నిండా ముఖమే. నోరు తెరిచి ఉంది, ఏదో అడుగుతున్నట్టు.

ఏమడిగిందో హేమకి తెలుసు. జీవన్ ఏమని ఉంటాడో కూడా తెలుసు. వాడూ ఈ సీమలో పుట్టినవాడే.

"అక్కా..." ఈసారి వెనకనుంచి. "ఇంట్లో అమ్మ ఒక్కత్తే ఉందిగా... వెళ్లనా?"

హేమ రెండు చేతులతో నోరు మూసుకుంది. పళ్లు నాలుక మీద దిగి రక్తం ఉప్పగా తగిలింది. అనకూడదు... చచ్చినా అనకూడదు...

"ఆయ్," అంది హేమ గొంతు, గది మూలనుంచి.