కడుపు నిండిన మాట

జూన్ పదకొండు. ఆ రోజు అరుణ్‌కుమార్ తిన్నది రెండు జొన్నరొట్టెలు, గట్టి కందిపప్పు, ఒక పచ్చి ఉల్లిగడ్డ. తాండూరులో తను పనిచేసే బండల పాలిషింగ్ యూనిట్ వెనక, రేకుల కింద నిలబడి, సాయంత్రం నాలుగింటికి తిన్నాడు. బయట వాన. ఆ రొట్టెల బరువు కడుపులో ఉండగానే రెబెక్కను మొదటిసారి చూశాడు. అందుకే తేదీతో పాటు తిండి కూడా గుర్తుండిపోయింది.

బండలు కొనేవాళ్లు ఇంగ్లిష్‌లో మెయిళ్లు పెడుతున్నారని, నేర్చుకురమ్మని యూనిట్ ఓనరే అతన్ని పంపాడు. స్టేషన్ దగ్గర బిచ్చయ్య పుస్తకాల దుకాణం మీది గదిలో రెబెక్క చెప్పే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. అతను తలుపు దగ్గరికి వచ్చేసరికి క్లాసు మొదలై పావుగంటయింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి! ఎవరు మీరు? సున్నమేసెటాయనా?"

"స్టూడెంట్, మేడమ్."

వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మెట్ల మీద కింది నుంచి పైదాకా తెల్లటి అడుగులు. బట్టల మీది రాతిపొడి వానలో తడిసి, నడిచినంత దూరం అచ్చులు పడ్డాయి.

"స్టూడెంట్ అయితే టైమ్‌కు రావాలె. సరే, ఇప్పుడు మీరెట్లున్నరో ఒక్క అడ్జెక్టివ్‌ల చెప్పుండ్రి. నైస్ మాత్రం అనొద్దు. ఈ గదిల నైస్ బంద్."

గుడ్, హ్యాపీ, ఫైన్ అన్నీ ముందు వాళ్లు వాడేసుకున్నారు. అతనికి ఒకటే దొరికింది.

"సాడ్."

"అయ్యో. ఎందుకు?"

"ఊకనే మేడమ్. రొట్టెలు జర ఎక్కువ తిన్న."

క్లాసంతా గొల్లుమంది. ఆమె ఒక్కతే నవ్వలేదు. తడిసిన జుట్టుతో దిక్కులు చూస్తున్న ఆ మనిషిని కాసేపు చూసి, సుద్దముక్క అందుకుంది.

"నవ్వకుండ్రి. ఈయన ఎరుక లేకనే సరిగ్గ చెప్పిండు. వెయ్యేండ్ల కింద ఇంగ్లిష్‌ల సాడ్ అంటె కడుపు నిండినోడు అని. నిండితె బరువైతది. బరువైతె అలుపొస్తది. అట్లట్ల ఆ బరువు కడుపుల నుంచి మనసులకు పోయింది. ఇప్పటికి కూడ ఇంగ్లండ్‌ల కొన్ని దిక్కుల పొంగకుండ గట్టిగైన రొట్టెను సాడ్ అంటరు."

"మరి మనమెట్ల వాడ్తం మేడమ్?" మందుల దుకాణంలో పనిచేసే అంజలి అడిగి, తనే చెప్పింది. "మా గ్రూపుల ఎవరన్న సచ్చిపోతె 'సో సాడ్' పెడ్తరు. మ్యాచ్ ఓడిపోయినా అదే పెడ్తరు."

"అదే చూడు. నీళ్లు పోసిన మజ్జిగ లెక్క అయింది పాపం ఆ మాట," అంది రెబెక్క.

మర్నాడు అతను టైముకు వచ్చాడు. కాళ్లు కడుక్కుని వచ్చాడు.

"సాడేనా?" అంది హాజరు పుస్తకంలోంచి తలెత్తకుండా.

"సాడే, మేడమ్."

అది వాళ్లిద్దరి లెక్క అయింది. తిన్నావా అని అడగాల్సిన చోట సాడా అని అడగడం. క్లాసయ్యాక అతను వికారాబాద్ బండి అందుకోవాలి. ఆమె కూడా స్టేషన్ దాకా నడిచేది, మా సందు అటే అని. ఆ సందు అటు కాదు, పూర్తిగా ఇటు అని అతనికి నెల తర్వాత తెలిసింది. తెలిసినట్టు చెప్పలేదు. చెబితే ఆమె నడవడం మానేస్తుందని భయం.

వికారాబాద్ ఊరి చివర వాళ్ల ఇల్లు. నాయిన కిష్టప్పకు నలభై గొర్లు. అమ్మ రామమ్మకు ఏడాదిగా బాగుండటం లేదు. రెండు ముద్దలకు మించి గొంతు దిగేది కాదు. ఆమెకు తినిపిస్తూ అరుణ్ క్లాసు కబుర్లు చెప్పేవాడు. సాడ్ కథ విన్న రోజు ఆమె చాలాసేపు నవ్వింది. రెండో ముద్ద కాగానే చెయ్యి అడ్డం పెట్టి అంది:

"చాలు కొడుకా. సాడైన."

ఆ తర్వాత రోజూ అదే మాట. ఒకసారి మాత్రం, "ఈ ముచ్చట చెప్పిన పిల్ల ఎవ్వరురా?" అనడిగింది.

"టీచర్," అని ఊరుకున్నాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం ప్లాట్‌ఫాం మీద రెబెక్క అన్నది: "జహీరాబాద్ సంబంధం తెచ్చిండు పాస్టర్ గారు. మా అమ్మకు నీ సంగతి చెప్పిన."

"కొట్టిందా?"

"లేదు. గొర్లోళ్ల ఇంటికా అన్నది. కొంచెంసేపైనంక, వాళ్లమ్మ ఎట్లాంటిది అన్నది. నువ్వు మీ ఇంట్ల చెప్పు అరుణ్. మిగిలింది నేను చూసుకుంట."

"అమ్మకు జర నయం గానియ్."

నయం కాలేదు. సెప్టెంబర్ చివర, తెల్లవారుజామున, రామమ్మ పోయింది.

మూడో రోజు పొద్దున మొదటి బండికి రెబెక్క వికారాబాద్ వచ్చింది. చేతిలో మూడు గిన్నెల క్యారియర్, దాని మీద చిన్న స్టీలు డబ్బా. వాకిలి నిండా ఆడవాళ్లు. మేనత్త భాగమ్మ క్యారియర్ అందుకుంది. అరుణ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అంతమందిలో ఆమె అనగలిగింది రెండే మాటలు.

"తిను. గిన్నెలు నువ్వే తెచ్చియ్యి, మా అమ్మ చూస్తుంటది."

ఆమె వెళ్లాక భాగమ్మ గిన్నెలు కడుగుతూ చెప్పింది: "వీట్ల ఏం పెట్టొద్దురా. చావింటికొచ్చిన గిన్నె ఖాళీగనే పోవాలె. ఏమన్న పెడితె మన దుఃఖం వాళ్లింటికి పోతది."

అరుణ్‌కు ఆ మాట గుచ్చుకుంది. తన ఇంటి దుఃఖం ఇసుమంతైనా రెబెక్క ఇంటికి పోకూడదు. అత్త కడిగిన గిన్నెల్ని మళ్లీ తీసుకుని, బూడిదతో, పీచుతో, ఒకటికి మూడుసార్లు తోమాడు. ముఖం కనబడేదాకా తోమాడు. ఆ మూడు రోజుల్లో అతను మనసు పెట్టి చేసిన పని అదొక్కటే. పదకొండో దినం దాకా ఇంకొకరి గడప తొక్కకూడదు కాబట్టి, తాండూరు పోయే మనిషి చేతికిచ్చి బిచ్చయ్య దుకాణంలో అప్పజెప్పించాడు.

దినాలయ్యాక మెసేజ్ పెట్టాడు: "సాడా?"

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఒకటే మాట.

"నైస్."

ఆ గదిలో బంద్ చేసిన మాట. అతను ఫోను తిప్పి నేలమీద పెట్టాడు.

క్లాసుకు వెళ్లి చూశాడు. "అరుణ్‌కుమార్ గారు," అని హాజరు పిలిచింది. గారు! వారం చూసి మానేశాడు. ఎందుకని అడగడానికి నోరు రాలేదు. అమ్మ పోయిన ఇంట్లో ఇంకొకటి పోయిందంటే, ఎందుకని ఎవరిని అడుగుతారు? పోయేవి పోతున్నాయి, అంతే అనుకున్నాడు.

అక్టోబర్ గడిచింది, నవంబర్ గడిచింది. బండలు లెక్కపెట్టడం, బండెక్కడం, దిగడం. అన్నం ముందు కూర్చుంటే ఆకలి లేదు, లేస్తే నిద్ర లేదు. ఇంటికి వస్తే కిష్టప్ప గడప దగ్గర గొంగడి కప్పుకుని కూర్చుని ఉండేవాడు. రామమ్మ పోయిన రోజు నుంచి ఆయన ఇంటి తలుపు వేయలేదు.

"చలి పెడ్తుంది నాయినా, ఏస్త."

"ఉండనియ్."

"ఎవరొస్తరని?"

"ఎవరు రారు. ఏసెతందుకు చెయ్యి వస్తలేదు."

తండ్రీకొడుకులు తెరిచిన తలుపు ముందే పడుకునేవారు. ఏ తెల్లవారుజామునో ఒక ముసలి గొర్రె వచ్చి కిష్టప్ప కాళ్లకు ఆనుకుని పడుకునేది. ఆ కాస్త వెచ్చదనమే ఆ ఇంట్లో మిగిలింది.

డిసెంబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం, తాండూరు స్టేషన్‌లో అంజలి కనిపించింది. రెబెక్క వాళ్ల పక్కిల్లే ఆమెది.

"అన్నా, ఎల్లుండి జహీరాబాదోళ్లు వస్తున్నరు. పండ్లు పెట్టి ఖాయం చేసుకుంటరట."

అతను తలూపాడు.

"తలూపుతవేంది? నీకు ఇష్టం లేకుంటె నోటితోని చెప్పాలె గాని, గట్ల గిన్నెలు ఖాళీగ పంపుతరా?"

"ఖాళీగనే పంపాలె కదా!"

"ఎవరింట్ల? ఏమీ లేకుంటె చారెడు చక్కెరన్న పోసి పంపుతరు. మొగులమ్మత్త మూత తీసి చూసి, మనకు ఆ ఇంట్ల జాగ లేదు బిడ్డా అన్నది. రెబెక్కక్క ఏమన్నదో ఎరుకనా? ఉత్తగ ఖాళీగ పంపితె మర్చిపోయిండనుకుంటుంటి, తోమి తోమి అద్దం లెక్క చేసి పంపిండు, నా చెయ్యి తగిలిన జాడ కూడ ఉంచుకోలే, అన్నది."

బండి వచ్చింది. ఎలా ఎక్కాడో తెలియదు. ధారూరు దాటేదాకా నిలబడే ఉన్నాడు. పక్కనున్న పూలమ్మే ఆమె బుట్ట ఒళ్లోకి తీసుకుని, "కూసో నాయినా," అని జాగ ఇచ్చింది. ఏమైందని అడగలేదు. అందుకు అతను ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి నాయిన పక్కన కూర్చుని మొత్తం చెప్పాడు. రెండు నెలల్లో ఆయనతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. కిష్టప్ప విని, లేచి, గూట్లో చెయ్యి పెట్టి చిన్న స్టీలు డబ్బా తీశాడు.

"ఇది గూడ ఆ పిల్లదేనా?"

"ఇది ఇక్కడెట్లున్నది?"

"నేనే దాచిన. పల్లీల కారం. ఎవరేం పెట్టినా గొంతు దిగలే. ఇది దిగింది. రోజింత ఏలితోని అద్దుకుంటున్న. కారం ఒడిస్తె డబ్బ తోమాలె, తోమితె పంపాలె. అందుకని ఒడవనియ్యలే."

అడుగున ఇంకా వేలి మందం మిగిలి ఉంది. కిష్టప్ప గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మకు ఎరుకే."

"ఏది?"

"ఆ పిల్ల ఎవరో గాని, రోజు వీడు తిన్నడా లేదా అని అడుగుతది, గంతకన్న ఏం కావాలె అన్నది."

"నాతోని ఒక్క మాట అనలేదు?"

"నువ్వు చెప్తవేమోనని చూసింది."

అరుణ్ మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. తల్లి పోయిన నాడు కూడా అంత ఏడవలేదు. కిష్టప్ప ఓదార్చలేదు. పక్కనే కూర్చుని, ఆ డబ్బాలోని కారం జాగ్రత్తగా ఒక కాగితంలోకి ఒంపుకున్నాడు. కడగలేదు, పైపంచె కొసతో తుడిచాడంతే. తర్వాత లోపలికి పోయి, రామమ్మ నిరుడు ఎండాకాలంలో ఇసుర్రాయి మీద విసిరి కుండలో దాచిన కందిపప్పు తెచ్చి, అంచుదాకా పోసి మూత బిగించాడు.

"చావిల్లు కదా నాయినా. అత్త ఏమంటదో."

"రెండు నెలలు దాటింది. తప్పైతె నా మీదికే రానీ."

శనివారం సాయంత్రం ఇద్దరూ తాండూరులో దిగి రెబెక్క ఇంటికి వెళ్లారు. ఆమె నాయిన జంగప్ప పప్పుమిల్లులో బస్తాలు మోసి అప్పుడే వచ్చి, మంచం మీద కూర్చున్నాడు. తల్లి మొగులమ్మ తలుపులోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"అన్నా, నేను వీని నాయినను," అన్నాడు కిష్టప్ప. "మీ డబ్బ ఒకటి నా దగ్గర ఆగిపోయింది. ఇచ్చిపోదామని వచ్చిన."

మొగులమ్మ మూత తీసింది.

"మొన్న ఖాళీగ పంపితిరి కదా అన్నా?"

"మా దిక్కు చావింటి నుంచి నిండుగ పంపొద్దమ్మా. మా దుఃఖం మీకు అంటుతదని."

"మా దిక్కు ఏ ఇంటి నుంచైనా ఖాళీగ పంపొద్దు."

"మాకు ఎరుక లేకపాయె."

"మాకు మాత్రం ఎరుకనా?"

జంగప్ప లేచి వచ్చి నాలుగు పలుకులు అరచేతిలో వేసుకున్నాడు. ఒకటి కొరికి చూశాడు. "మిల్లుది కాదు ఇది. ఇసుర్రాయి పప్పు. ఎవరు విసిరిండ్రు?"

"పోయినామె," అన్నాడు కిష్టప్ప.

జంగప్ప మిగిలిన పలుకుల్ని మళ్లీ డబ్బాలోనే వేశాడు, ఒక్కటి కింద పడకుండా.

రెబెక్క పక్క గదిలోంచి వచ్చింది. నేరుగా అరుణ్ ముందు నిలబడింది.

"రెండు నెలలు. ఎందుకని ఒక్కసారి అడగొద్దా?"

"నువ్వు నైస్ అన్నవ్."

"అంటె? బంద్ చేసిన మాట అన్ననంటె ఎంత మండితె అన్ననో అర్థం కాలేదా? వచ్చి కొట్లాడతవనుకున్న."

"కొట్లాడెతందుకు పాణం లేకుండె రెబెక్కా. అయినా గిన్నెలు తోమింది నీ కోసమే. మా ఇంటి ఏడుపు నీదాక రావొద్దని."

"రానియ్యకుంటె ఇగ నేనెందుకు?"

"నువ్వు లేకుంటె అన్నం దిగుతలేదు," అన్నాడు, నాయిన ముందే, వాళ్ల నాయిన ముందే. ఆమె ముఖం తిప్పుకుని చున్నీతో కళ్లు తుడుచుకుంది.

జంగప్ప గోడవైపు చూస్తూ అన్నాడు: "జహీరాబాదోళ్లకు రావొద్దని ఫోన్ చేస్త. గంతే. ఇంకేం మాటిస్తలేను."

"మాకూ ఏడాది దాక శుభం లేదన్నా," అన్నాడు కిష్టప్ప.

"మంచిదే. చర్చినా, బీరప్ప గుడా అని అప్పుడు కొట్లాడుదాం. ఇప్పుడైతె కూసో."

మొగులమ్మ ఆ పప్పే కొంత వండింది. కిష్టప్ప ముందు కంచం పెట్టి, పక్కన నిలబడి వడ్డించింది. ఆయన తల వంచుకుని, మధ్యమధ్య ఆగుతూ తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలమ్మా. సాడైన."

మొగులమ్మకు అర్థం కాలేదు. రెబెక్క మాత్రం చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

వెళ్లేటప్పుడు చిన్న డబ్బా అరుణ్ చేతికి వచ్చింది. బరువుగా ఉంది. మళ్లీ పల్లీల కారం.

"నెలకు ఒడవాలె," అంది రెబెక్క గేటు దగ్గర. "నువ్వే తేవాలె."

"మధ్యల ఎట్లున్ననో అడగవా?"

"రోజు అడుగుత. సరైన మాటతోని చెప్పు."

తండ్రీకొడుకులు రాత్రి బండి ఎక్కారు. ఏడాది అంటే చిన్నదేమీ కాదు. జంగప్ప అవునని అనలేదు. ఇంట్లో రామమ్మ లేదు, ఇక ఉండదు. ఊరి చివర చీకట్లో నడిచి వచ్చేసరికి గొర్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి.

అరుణ్ డబ్బాను గూట్లో పెట్టాడు. కిష్టప్ప గడప దగ్గర కాసేపు నిలబడి బయటికి చూశాడు. ముసలి గొర్రె కాళ్ల సందులోంచి లోపలికి వచ్చేదాకా ఆగాడు. తర్వాత, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టాడు.