నీచు నీళ్లు తాగిన గచ్చు

శివాజీ ఇంటి పెరట్లో గచ్చు పోసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది అతని భార్య హేమ. కంకిపాడు నేల సంగతి తెలిసిందేగా, నాలుగు చినుకులు పడితే చెప్పులు అడుసులో వదిలేసి రావాలి. పైగా ఆ ఇంట్లో రోజూ చేపలు కోసి అమ్ముతారు. పొలుసులూ పేగులూ ఆ అడుసులోనే కుళ్లేవి. కొడుకు నాని పాకడం మొదలెట్టాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. వాడికి శుభ్రమైన జాగా ఒకటుంటే చాలనుకుంది.

పచ్చి గచ్చు చుట్టూ మట్టిగట్లు కట్టి వారం పాటు నీళ్లు నిలపమన్నాడు మేస్త్రి సొలొమోను. లేకపోతే బీటలిస్తుందన్నాడు. అది కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఎండాకాలం. అత్త సన్యాసమ్మ నీళ్లను నెయ్యిలా వాడే మనిషి. చేపలు కడిగిన ఎర్రటి, జిగట నీళ్లు వృథాగా పారబోయడమెందుకని బిందెలకొద్దీ ఆ గట్లలోనే పోసింది. హేమ వద్దని మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పీనాసితనానికైనా ఒక హద్దుండాలి.

గచ్చుకు బీట రాలేదు. కానీ మంచినీళ్లు పోస్తే ఒక్క చుక్క ఇంకదు. నీచు నీళ్లు పోస్తే మాత్రం గుటకేసిన చప్పుడుతో లాగేసుకుంటుంది. ఈగలు వాలవు. ఈగలు వాలని చేపల పెరడు ఎక్కడైనా ఉందా?

ఓ మిట్టమధ్యాహ్నం శివాజీ బెజవాడ మార్కెట్‌కి వెళ్లాడు. నానిని వసారాలో పడుకోబెట్టి, బ్లీచింగ్ పౌడరు చల్లి గచ్చు రుద్దడం మొదలెట్టింది హేమ. చీపురు కింద నురగ రాలేదు. పాచి వచ్చింది. నాలుక గీసుకుంటే వచ్చే పాచిలాంటిది, గులాబీ రంగులో, తీగలు సాగుతూ. దానితోపాటు కంపు... పీకలదాకా తిని పడుకున్నవాడి నోటి కంపు. హేమ గోడ పక్కకు పోయి కక్కుకుంది.

తలెత్తేసరికి నాని గచ్చు మీద ఉన్నాడు.

పాకుతూ వచ్చేశాడు. మోకాలు గీసుకుపోయింది. చిన్న దెబ్బే... ఒక్క చుక్క నెత్తురు కింద పడింది. పడిన చోట ఏమీ లేదు.

గుటక వినబడింది.

పరుగున పోయి ఎత్తబోయింది. రాలేదు. మోకాలు అంటుకుపోయింది. ఆమె అరికాళ్ల కింద గచ్చు మెత్తగా ఉంది... వెచ్చగా ఉంది. పిల్లాడు ఏడవడం లేదు. పాలు తాగేటప్పటిలా కళ్లు మూతలు పడుతున్నాయి.

గుమ్మంలో సన్యాసమ్మ. చేతిలో చేప పేగుల బేసిన్.

"లాగమాకే," అంది గుసగుసగా. "తోలు ఊడొస్తది."

బేసిన్ తీసుకెళ్లి అవతలి మూల బోర్లించింది. కాళ్ల కింద ఏదో అటు జరిగింది... మోకాలు చప్పున ఊడివచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారత్తయ్యా?"

సన్యాసమ్మ ఆ మూలకేసే చూస్తోంది. "పెట్టకపోతే, తెల్లారేసరికి గుమ్మం దాకా వస్తదే."

హేమ ఆ పూటే బిడ్డనెత్తుకుని కూచిపూడి దగ్గర పుట్టింటికి పోయింది. శివాజీ సొలొమోనును పిలిచి గచ్చంతా పగలగొట్టించాడు. ఇసుకా కంకరా తప్ప లోపల ఏమీ లేదని ఫోన్లో చెప్పాడు. బిడ్డ దక్కాడు, అంతే చాలనుకుని హేమ ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

తర్వాత ఓ పొద్దున ఆమె తల్లి నాగమల్లేశ్వరి కాళ్లు చాపుకుని, నానిని వెల్లకిలా వేసుకుని నూనె రాస్తోంది. దెబ్బ ఎప్పుడో మానింది, మచ్చ కూడా లేదు.

"ఏందే హేమా, గిన్నెడు నూనె పోశా. ఈ కాలే మొత్తం తాగేసింది."

హేమ వంగి, మోకాలి మీద వేలు పెట్టి చూసింది. చటుక్కున వెనక్కి తీసుకుంది. వేలి కొన తడిగా ఉంది... ఉమ్మి తడి.

నాని నోరు మూసుకుని నిద్రపోతున్నాడు.