కౌన్సిల్ హాల్లో కూర్చున్నవాళ్ళు

పూండి దాటాక జీడితోటల మధ్య ఓ యూనివర్సిటీ పీజీ సెంటరుంది. అందులో కౌన్సిల్ హాలుకి మంచి పేరు లేదు. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ఖాళీ హాల్లో కుర్చీలు నిండిపోయి ఉంటాయట... కూర్చున్నవాళ్ళకి తలలుండవట!

కొత్తగా చేరిన లెక్చరరు ప్రమోదిని ఆ మాటలు పట్టించుకోలేదు. ఆమె దిగులు వేరు.

క్లాసులవగానే లైబ్రరీకి తాళం పడిపోయేది. పల్లెలకి పోయే ఆడపిల్లలు రైలొచ్చేదాకా స్టేషన్లోనే కూర్చోవాలి, ఆకతాయిల ఈలలు వింటూ. చిన్నమ్మి అనే పిల్లని వాళ్ళమ్మ దాలమ్మ చదువు మానిపించేస్తానంది.

“టేసన్లో కూకోడానికేటమ్మా సదువు?” అని ప్రమోదినిని మొహం మీదే అడిగేసింది.

రైలు వేళదాకా లైబ్రరీ తెరిచి ఉంచాలంటే స్టాఫ్ కౌన్సిల్ తీర్మానం కావాలి. ఆ సాయంత్రమే మీటింగు. అది తప్పితే మళ్ళీ పై ఏడాదే... అప్పటికి చిన్నమ్మి పెళ్ళిపీటలెక్కేస్తుంది.

పిల్లల్ని రైలెక్కించి ప్రమోదిని పరుగున వచ్చేసరికి చీకటి పడిపోయింది. గాలినిండా సముద్రం తడి, కాలిన జీడిపిక్కల వాసన. హాలు మెట్ల మీద అటెండరు బైరాగి.

“మీటింగయిపోయిందా?”

“లేదమ్మా... ఆలింకా కూకునే ఉన్నారు,” అని గుసగుసగా చెప్పి, వెనక్కి చూడకుండా గేటు దాటిపోయాడు.

ఆమె లోపలికి అడుగు పెట్టింది — కరెంటు పోయింది!

కిటికీలోంచి పాలలాంటి వెన్నెల. బల్లచుట్టూ కుర్చీలు... కుర్చీల్లో తెల్లగా భుజాలు... భుజాల మీద —

తలల్లేవు.

పారిపోదామనుకుంది. కానీ చిన్నమ్మి మొహం కళ్ళముందు మెదిలింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

“లైబ్రరీ... రైలొచ్చేదాకా... తెరిచి ఉంచాలని ప్రతిపాదిస్తున్నాను...”

బల్ల చివర్నుంచి ఓ బొంగురు గొంతు — “బలపరిచేవారు?”

అంతలో ఆమె చెవి పక్కనే, మెల్లగా...

“బలపరుస్తున్నాం.”

“ఆమోదించడమైనది!” అంది బొంగురు గొంతు.

కరెంటొచ్చింది. బల్ల చివర ప్రిన్సిపాలు వైకుంఠరావుగారు ఒక్కరే! మిగతా కుర్చీలన్నిటికీ తెల్లటి తువ్వాళ్ళు కప్పి ఉన్నాయి.

“సభ్యులేరి సార్?”

“ఉన్నారు కదమ్మా! బస్సులో తువ్వాలేత్తే సీటు మనదవ్వదేటి? ఇక్కడా అంతే. ఆలు టెక్కలి బస్సు తప్పిపోతాదని ఎల్లిపోయారు. తువ్వాళ్ళుంటే కోరం ఉన్నట్టే.”

“తువ్వాళ్ళు చేతులెత్తవు కదా సార్!”

“అడ్డం కూడా సెప్పవమ్మా. మన సెంటరింత అభివృద్ధిలోకొచ్చిందంటే ఆటి సలవే!”

ప్రమోదినికి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆయన తీర్మానం మీద సంతకం పెట్టేశారు.

“నువ్వు సెప్పావే, ఆ దాలమ్మకి సెప్పు, రేపట్నుంచి లైబ్రరీ తీసే ఉంటాదని.”

“మీరు బలపరచబట్టే కదా సార్...”

పెన్నుకి మూత పెడుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

“నేనా? అధ్యక్షుణ్ణి, నేనెలా బలపరుత్తానమ్మా? నీ పక్కన బైరాగున్నాడనుకున్నానే...”

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కుర్చీలకేసి మాత్రం చూడలేదు.

వైకుంఠరావుగారు తీర్మానాన్ని కొట్టెయ్యలేదు. మడిచి జేబులో పెట్టుకుని... ఆమెకన్నా ముందే గుమ్మం దాటేశారట.