మేస్త్రీ చేతి ఆకు

గోవిందస్వామి సంచిలో పంచె పెడితే జ్ఞానాంబ తీసేస్తోంది. చింతపండు పొట్లం పెడితే అది తీసుకెళ్లి మళ్లీ వంటింట్లో పెట్టి వస్తోంది. ఆయనకు తెలుస్తూనే ఉంది, కానీ కూతుర్ని ఒక్క మాట అనడం లేదు. తీసిన చోట మళ్లీ పెడుతున్నాడు. గుమ్మం ముందు జట్కా సిద్ధంగా ఉంది. రేణిగుంటలో మద్రాసు రైలెక్కాలి, మద్రాసులో రంగూన్ ఓడెక్కాలి.

అది 1947 ఏప్రిల్. ఊరు తిరుచానూరు. ఆ ఇంట్లో రంగూన్ మాట ఎవరెత్తినా పొయ్యి మీద అన్నం మాడేది. గోవిందస్వామి అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. చిత్తూరు పల్లెల నుంచి మనుషుల్ని పనికి తీసుకెళ్లేవాడు. జపానువాళ్లు బాంబులు వేసిన ఏడాది భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని అడవుల్లో పడి నడిచి వచ్చాడు. బయలుదేరింది ముగ్గురు, ఇల్లు చేరింది ఇద్దరు. తల్లిని ఏ చెట్టు కింద వదిలి వచ్చారో జ్ఞానాంబకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. అలాంటి చోటికి తండ్రి మళ్లీ పోతానంటే ఏ కూతురు సంచి సర్దుతుంది?

అప్పుడే గుమ్మంలో ఒక కుర్రవాడు చెప్పులు విడుస్తూ కనిపించాడు. చేతిలో పుస్తకాలు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. యాత్రికులకు రెండు గదులు అద్దెకిచ్చే ఇల్లు కనుక జ్ఞానాంబ తలెత్తకుండానే చెప్పింది.

"గదులు ఖాళీ లేవు. గుడి ఎనక వీధిలో అడగండి."

"గది కోసం రాలేదండీ. గోవిందస్వామి మేస్త్రీ గారి కోసం వచ్చినాను."

"ఆయన రంగూన్ పోతా ఉండాడు. తిరిగొచ్చినాక రాండి."

"నాక్కావాల్సింది రంగూన్ సంగతే."

పేరు జయరావట. సొంతూరు చిత్తూరు. మద్రాసులో పెద్ద చదువు చదువుతున్నాడు. కార్మికుల చట్టాలు ఏ దేశంలో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడడం అతని పని. ఇంగ్లండు సంగతి పుస్తకాల్లో దొరికిందట. బర్మా మేస్త్రీల సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని మేస్త్రీనే వెతుక్కుంటూ వచ్చాడు.

"కూలీని పనిలో పెట్టుకునేటప్పుడు కాగితం రాసుకునేవాళ్లా?" అని అడిగాడు.

గోవిందస్వామి చేతిలోని సంచి కింద పెట్టి నవ్వాడు. "కాగితమా? కాగితం వానకు తడుస్తాది అప్పా. మాది ఆకు."

అలా మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాడు. పనికి వచ్చేవాడి ఇంటికి మేస్త్రీ వెళ్లి, వాడి తల్లి ఎదుట తమలపాకులూ వక్కా ఒక నాణెమూ చేతిలో పెడతాడు. పుచ్చుకున్నవాడు ఓడెక్కాల్సిందే, మాట తప్పడం లేదు. ఇచ్చినవాడు మాత్రం ఏమన్నా తక్కువగా కట్టుబడ్డాడా? ఏ గడప ముందు ఆకిచ్చాడో మళ్లీ ఆ గడప దగ్గరికే మనిషిని తెచ్చి దించాలి.

జయరావు పెన్సిలు ఆగిపోయింది. సిలోనులో జబ్బుపడిన కూలీని వెనక్కి పంపడానికి చట్టం ఉందన్నాడు. మలయాలో కంగాణీలనే మేస్త్రీలు మనుషుల్ని పోగుచేయడం మనవాళ్లే ఆపించారన్నాడు. మనిషిని గడప దాకా చేర్చాలనే సెక్షను మాత్రం తను చదివిన ఏ దేశం చట్టంలోనూ లేదన్నాడు. ఆ మాటకు గోవిందస్వామి ముఖం వెలిగి, అంతలోనే నల్లబడింది. వీధి అరుగు మీద పూతలపట్టు మునిరత్నమ్మ కూర్చుని ఉంది. శుక్రవారం శుక్రవారం అమ్మవారి దర్శనానికి బస్సులో వస్తుంది. పోయే ముందు ఈ అరుగు మీద కాసేపు కూర్చుని వెళుతుంది. నోరు తెరిచి ఏమీ అడగదు. గోవిందస్వామి ఆకిచ్చి తీసుకెళ్లిన ఆమె కొడుకు సుబ్బన్న జ్వరంతో నడవలేక మిల్లు దగ్గరే ఉండిపోయాడు. బతికే ఉన్నాడని ఈమధ్య ఎవరో వచ్చి చెప్పారు. ఆ కబురు వచ్చినప్పటి నుంచే ఈ సంచి సర్దడం.

జట్కావాడు అరిచి అరిచి వెళ్లిపోయాడు. రైలూ పోయింది. జ్ఞానాంబ నిర్ఘాంతపోయి చూస్తూ నిలబడింది. తన ఏడుపు ఆయన్ను ఆపలేదు, మేనత్త తాయమ్మ మొక్కులు ఆపలేదు. ఎవరో కళ్లద్దాలవాడు ఒక్క ప్రశ్నతో ఆపేశాడు.

పోయేటప్పుడు అతనికి గుమ్మం దగ్గర మజ్జిగ చెంబు అందించింది. "రేపు కూడా రాండి. మా నాయన దగ్గర ఇంగా చానా ఉండాది."

గంట ముందు తరిమిన పిల్లేనా అని అతను మజ్జిగ తాగడం మరిచి చూశాడు.

మరునాడు వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. గోవిందస్వామి సంచి కేసి చూసినప్పుడల్లా జ్ఞానాంబ ఇంకో దేశం పేరెత్తేది. ఇంగ్లండులో పనివాళ్ల సంఘం, మిల్లు యజమానులు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒప్పందానికి వస్తారని జయరావు అంటే, గోవిందస్వామి నమ్మలేక ఒకే ఎత్తు కుర్చీలా అని అడిగాడు. అమెరికాలో తమ సంఘం ఏదో కార్మికులే ఓట్లేసి ఎన్నుకుంటారంటే, ఎవరు గెలిచినారు అంది తాయమ్మ. ఆస్ట్రేలియాలో కూలి ఎంతో కోర్టు తీర్పు చెబుతుందని విని జ్ఞానాంబ వంటింట్లోంచే, ఈ ఇంట్లో వంటకు ఎంతో ఆ కోర్టునే అడిగి రమ్మంది. మన దగ్గరా ఆ నెల నుంచే కొత్త చట్టం నడుస్తోందని, తగాదా వచ్చి నోటీసు ఇస్తే రాజీ అధికారి మధ్యలో కూర్చుంటాడని జయరావు చెప్పాడు. అతను చెబుతున్నది తండ్రికే. చూపు మాత్రం వంటింటి గడప దాకా వెళ్లి వస్తూ ఉండేది.

అతను రావడం పావుగంట ఆలస్యమైతే జ్ఞానాంబకు గుండె దడ. మొదట్లో ఆ దడ తండ్రి గురించి. తర్వాత ఎవరి గురించో ఆమె అంత లోతుగా తరచి చూసుకోలేదు.

మే నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి మామిడికాయలు రాలేంత వాన పడింది. జయరావు తడిసి చూరు కింద చేరాడు. కళ్లద్దాల మీద నీళ్లు. తుడుచుకోవడానికి పొడి గుడ్డ లేక ఆమె కొంగు వైపు చూసి, చూసినందుకు తనే సిగ్గుపడ్డాడు. ఆమె తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

జూన్ మధ్య నుంచి పర్మిట్ లేకుండా బర్మాలో కాలు పెట్టనివ్వరని అతను చెప్పాడు. ఆమె ముఖం విచ్చుకుంది.

"అయితే జూన్ సగం దాకా ఆపితే సాలు. ఇంగెన్ని దేశాలు ఉండాయి మీ దగ్గర?"

జయరావుకు అప్పుడర్థమైంది. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. "అంటే, ఇన్నాళ్లూ మజ్జిగ నాకోసం కాదన్నమాట."

"మజ్జిగ మా నాయన కోసం." ఆమె వాన కేసి తిరిగింది. "అందులో జీలకర్ర మీకోసం."

అతను కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. చివరికి, దేశాలు అయిపోయాయి అన్నాడు. అయితే కొత్తది కనిపెట్టమంది. మరునాడు ఐస్‌లాండుతో వచ్చాడు.

ఈలోగా తాయమ్మ తన పని తాను చేసింది. జయరావు చనిపోయిన తల్లి ఎవరి ఆడపడుచో, ఎవరి పినతల్లి బిడ్డో తీగ లాగి లాగి, ఆమె గోవిందస్వామికి చెల్లెలి వరస అని తేల్చింది. ఆ రోజు నుంచి జయరావు నోట మామా అన్న పిలుపు వచ్చింది. జ్ఞానాంబ నోట బావా అన్న పిలుపు పెదవుల దాకా వచ్చి ఆగేది.

మే చివరి వారంలో అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో పుస్తకం లేదు. గోవిందస్వామి ముందు చాప మీద కూర్చుని మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. తలుపు చాటుకు జ్ఞానాంబ వచ్చి నిలబడింది.

"మామా, మిమ్మల్ని ఒక మాట అడగాలని..."

"నాకు తెలుసు అప్పా. నేనే అడగాలనుకుంటా ఉండా. నీ మాదిరి మనిషి నాకు దొరకడు." గోవిందస్వామి లేచి పళ్లెంలో తమలపాకులూ వక్కా రూపాయి బిళ్లా పెట్టి తెచ్చాడు. "తీసుకుంటావా?"

జయరావు చేతులు రెండూ చాచి కళ్లకద్దుకుని తీసుకున్నాడు. తాయమ్మ అప్పటికే చక్కెర గిన్నెతో పక్కింటికి పరుగు తీసింది. జ్ఞానాంబ తలుపుకు నుదురు ఆనించి నవ్వుకుంది. అల్లుడొచ్చాక నాయన ఇంక యాడికి పోతాడు అనుకుంది. ఒక్క తాంబూలంతో ఇద్దర్నీ దక్కించుకున్నాను అనుకుంది పిచ్చిది.

"బుధవారం ఓడ," అన్నాడు గోవిందస్వామి. "రెండు టికెట్లు సెప్పినా. ఆ ఇంగ్లీషు కాగితాలు, పర్మిట్లు నాకు తెలీవు. నువ్వు పక్కనుంటే సుబ్బన్నను తెచ్చేస్తా."

 పక్కింట్లోంచి తాయమ్మ నవ్వు వినిపిస్తూనే ఉంది.

ముందుగా తేరుకున్నది జయరావు. తను పుచ్చుకున్నది పిల్లనిస్తున్నారనుకుని అని చెప్పాడు. ఈసారి దిమ్మెరపోవడం గోవిందస్వామి వంతు అయింది. కూతుర్ని చూశాడు, కుర్రవాణ్ని చూశాడు, ఇన్నాళ్ల దేశాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగి ఉంటాయి.

"ఇచ్చినాయన ఒకటనుకుని, తీసుకున్నోడు ఇంకొకటనుకుంటే అది ఒప్పందమే కాదు మామా. ఏ దేశం చట్టంలో అయినా అంతే."

"దేశాల మాట వొద్దు. ఎన్నేండ్లు ఇచ్చినానో ఈ ఆకు. ఒక్కడు ఎనక్కి ఇయ్యలా. నేను అడగలా."

జయరావు చేతిలోని ఆకుల్ని కాసేపు చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "తీసుకున్నాను కాబట్టి వస్తాను," అన్నాడు.

 జ్ఞానాంబ ఒకర్ని ఆపాలని ఇంకొకర్ని పిలిచింది. ఇప్పుడు ఇద్దరూ పోతున్నారు. ఆమె చాటు విడిచి వచ్చి గడప మీద అడ్డంగా కూర్చుంది.

"నేను నోటీసు ఇస్తా ఉండా," అంది. "ఆ రాజీ అధికారి ఎవరో పిలవండి."

చక్కెర గిన్నెతో తిరిగొచ్చిన తాయమ్మే ఆ పనికి కుదిరింది. సంగతి విని ఆ గిన్నె పట్టుకునే చతికిలబడింది. ఒకే ఎత్తు కుర్చీలు లేవు కనుక నలుగురూ నేల మీదే కూర్చున్నారు. నీకేం కావాలో చెప్పమంది తాయమ్మ.

"నాకూ ఆకియ్యమను అత్తా. మొగుడు యాడుంటే నేనూ ఆడే. రంగూన్ దోవ నాకు కొత్త గాదు. అమ్మ పడుకున్న చోటు కూడా తెలుసు."

గోవిందస్వామి కొయ్యబారిపోయాడు. ఇంటికి వచ్చాక ఈ ఐదేళ్లలో ఆ చోటి ప్రసక్తి ఇద్దరి మధ్యా రాలేదు. ఆయన చూపు కిందికి వాలింది. ఆయన మెత్తబడిన క్షణం జ్ఞానాంబకు తెలిసింది. ఇంకా పట్టు బిగించింది. జయరావు ఓడెక్కితే తనూ ఎక్కుతుంది, బుధవారానికి మూడు టికెట్లు చెప్పమంది.

చివరికి గోవిందస్వామి అల్లుడి ముందు చెయ్యి చాచాడు. మేస్త్రీ చెయ్యి అలా ఖాళీగా చాచడం తాయమ్మ తన జన్మలో చూడలేదు. ఆకులు వెనక్కి తీసుకుని పక్కన పెట్టాడు. లోపలికి వెళ్లి కొత్త ఆకులు కడిగి తెచ్చాడు.

"ఇది ఓడకు గాదు అప్పా. ఇది పిల్లకు," అన్నాడు.

జయరావు తీసుకున్నాడు. తాయమ్మ ఏడుస్తూ చక్కెర పంచింది. జ్ఞానాంబ గెలిచిన ముఖంతో తండ్రిని చూసి, ఇంక సంచి విప్పుదామా నాయనా అని అడిగింది.

"ఎట్ల విప్పేది తల్లీ? ఎనక్కి తీసుకున్న ఆకు మేస్త్రీ మీదే పడతాది. ఆ మనిషి పని కూడా మేస్త్రీనే చెయ్యాల. రేపో మాపో అని ఇన్నాళ్లు నీ ముఖం చూసి ఆగినా. ఇంగ ఆగేదానికి లేదు."

ఆ కట్టుబాటు ఆమెకు తెలియదు. మేస్త్రీ బిడ్డయి ఉండీ తెలియదు. ఏనాడూ ఎవరూ ఆకు వెనక్కి తీసుకోలేదు కనుక ఆ మాట ఆ ఇంట్లో వినబడే అవసరమే రాలేదు. తండ్రి నోట అది వింటుంటే ఆమె చేతిలోని చక్కెర ఆ చేతి చెమటకే కరిగిపోయింది. జయరావు తను వస్తానని, ఆ ఆకులు మళ్లీ ఇమ్మని కాళ్లు పట్టుకున్నాడు. ఒకసారి తీసుకున్నది అదే మనిషికి మళ్లీ ఇవ్వకూడదన్నాడు గోవిందస్వామి. అల్లుణ్ని లేవనెత్తి, అదీ మా చట్టమే రాసుకో అని నవ్వాడు.

బుధవారం ఓడను ఆయన పోనిచ్చాడు. అమ్మవారి గుడి దగ్గరే కూతురి పెళ్లి చేశాడు. ఆ రోజు మునిరత్నమ్మ కూడా వచ్చి అక్షింతలు వేసింది. తలంబ్రాల వేళ జ్ఞానాంబ మొదటిసారి బావా అని పిలిచింది. పక్కన నిలబడ్డ తండ్రి ఆ పిలుపు విని కళ్లు తుడుచుకున్నాడు. జూన్ మొదట్లో పర్మిట్ గోడ లేవక ముందే, తర్వాతి ఓడకు ఒక్కడే పోయాడు. రేణిగుంట స్టేషన్లో రైలు కదిలాక కూడా ఆమె జయరావు చెయ్యి వదల్లేదు. ఒక చేత్తో భర్తను పట్టుకుని రెండో చేత్తో తండ్రికి చెయ్యి ఊపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

రంగూన్ నుంచి ఉత్తరాలు వచ్చేవి. సుబ్బన్న దొరికాడు. కాలు కుంటుతున్నాడు. కాగితాలు కావాలంటున్నారు, ఆఫీసు నుంచి ఆఫీసుకు తిప్పుతున్నారు. జయరావు ఇక్కడి నుంచి అర్జీలు రాసి పంపుతూనే ఉన్నాడు.

1949 ఫిబ్రవరిలో రంగూన్ పక్కన ఇన్సీన్‌లో తిరుగుబాటుదార్లకూ ప్రభుత్వానికీ యుద్ధం జరిగింది. ఆ నెల తర్వాత ఉత్తరం లేదు. వాళ్లను చూశామన్నవాళ్లూ లేరు. గోవిందస్వామి తిరిగి రాలేదు. సుబ్బన్నా రాలేదు.